అయిదింటి లోపు ఇల్లు

ఆ గురువారం ఉదయం ఎనిమిదింటికి, బాంబెర్గ్‌లోని ఒక చిన్న హోటల్లో రెండో బ్రెడ్డు ముక్కకి వెన్న రాస్తూ చలపతి ఆ రోజు పని ఖాయం చేసుకున్నాడు. సాయంత్రం అయిదింటి దాకా భార్యని ఊరంతా తిప్పాలి. అంతే. అయిదు దాటితే చాలు, మిగతా జీవితం ఇప్పటిలాగే గడిచిపోతుంది.

ఎదురుగా టీ కలుపుకుంటున్న ఉదయశ్రీకి ఆ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. తరతరాలుగా బీరు కాచే కంపెనీ ఒకటి, తన ల్యాబ్‌లో ఈస్టుని పరీక్షించడానికి రమ్మంది. ఉదయశ్రీ విశాఖపట్నంలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసింది. పెళ్ళయ్యాక చలపతి వెంట జర్మనీకి, బాంబెర్గ్‌కి మూడు గంటల దూరంలో ఉన్న వాల్డార్ఫ్‌కి వచ్చింది. ఈ ఎనిమిదేళ్ళలో ఆ చదువుతో ఆమె చేసిన పని ఇంట్లో పెరుగు తోడెయ్యడం ఒక్కటే. మిగిలిన టైమంతా జర్మన్ నేర్చుకుంది. పిల్లల్లేరు. ఆ విషయం ఇద్దరూ మాట్లాడుకోవడం మూడేళ్ళ క్రితమే మానేశారు.

వస్తారో రారో గురువారం సాయంత్రం అయిదు లోగా ఫోన్ చేసి చెప్పమన్నారు కంపెనీ వాళ్ళు. చెప్పకపోతే ఆ ఉద్యోగం తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. "ఊరు చూశాక చెప్తాను" అంది ఉదయశ్రీ. "సెలవు పెడతాను, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు చలపతి. ఎనిమిదేళ్ళలో అతను తనంతట తాను వెకేషన్ మాట ఎత్తడం అదే మొదలు.

"బీరు కంపెనీలో ఉద్యోగమంటే మా అమ్మకేం చెప్పను ఉదయా?" అన్నాడు బ్రెడ్డు నములుతూ.

"మైక్రోబయాలజిస్టునని చెప్పండి."

"అంటే ఏం చేస్తుందిరా అని అడుగుతుంది."

"పురుగుల్ని లెక్కపెడుతుందని చెప్పండి. సంతోషిస్తారు."

చలపతి ఆ మాట వినిపించుకోలేదు. అతని దగ్గర అంతకన్నా పెద్ద అస్త్రం ఉంది. "అయినా ఉద్యోగం సంగతి సరే, ఉంటావెక్కడ? జర్మనీలో ఇల్లు దొరకడమంటే ఏమనుకున్నావు? మా ఆఫీసు లక్ష్మణరావుని అడుగు. రెండొందల మెయిళ్ళు పెడితే ఒక్కడు పలికాడట. వాడు కూడా ఇవ్వనని చెప్పడానికి."

"దొరికితే?"

"ఇవాళ సాయంత్రం అయిదు లోపు ఈ ఊళ్ళో నీకు ఇల్లు దొరికితే, నేనే సామాను మోసుకొచ్చి దింపుతాను. సరేనా?"

"మాటేనా?"

"మాటే."

చలపతి ఆ మాట ధైర్యంగా ఇచ్చాడు. ఇల్లు వెతకడం ఎంత కష్టమో అతను వినడమే గానీ చూడలేదు. వాల్డార్ఫ్‌లో వాళ్ళిద్దరూ ఉంటున్న ఇల్లు కంపెనీయే చూసిపెట్టింది, విమానం దిగేసరికి తాళాలు చేతికిచ్చింది.

బయల్దేరేటప్పుడు అతను బ్యాగులో నీలం ఫైలు పెట్టుకున్నాడు. ఒకసారి వీసా ఆఫీసులో ఒక్క కాగితం లేదని వెనక్కి పంపేశారు. మళ్ళీ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు నుంచీ ఎక్కడికెళ్ళినా ఆ ఫైలు అతని వెంట ఉండాల్సిందే. పాస్‌పోర్టు కాపీలు, జీతం స్లిప్పులు, బ్యాంకు కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్టు, చివరికి చిన్నప్పుడు తట్టు టీకా వేసిన కాగితం కూడా అందులో ఉన్నాయి.

"నా ఆఫర్ లెటర్ కూడా అందులో పెట్టనా? మడత పడకుండా ఉంటుంది" అంది ఉదయశ్రీ.

"పెట్టు, పెట్టు." ఆ కాగితం తన చేతికిందే ఉండడం అతనికీ మంచిదే. "నీ ఫోను కూడా ఇటివ్వు. టూరిస్టులున్న చోట జేబుదొంగలుంటారు."

ఫోను తీసుకుని సైలెంట్‌లో పెట్టి బ్యాగు అడుక్కి తోశాడు. ఎనిమిదీ నలభై. ఇంకా ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు.

మొదటి ఎత్తు పదింటికి తిరగబడింది. కొండ మీది కేథడ్రల్‌కి బస్సుంది. చలపతి ఆ సంగతి చెప్పకుండా గుండ్రాళ్ళు పరిచిన ఏటవాలు సందులోంచి నడిపించాడు. కాళ్ళు నొప్పి పుడితే ఊరి మీద విరక్తి పుడుతుందని అతని లెక్క. సగం దారిలో అతనికే ఆయాసం వచ్చింది. ఎవరిదో కిటికీ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. పైనుంచి ఉదయశ్రీ పిలిచింది. "రండి, ఇక్కణ్ణించి ఊరంతా ఎర్రగా, పెంకులు ఆరబెట్టినట్టు కనిపిస్తోంది."

రెండో ఎత్తు భోజనం దగ్గర. ఆ ఊళ్ళో ఒక రకం బీరు పొగ కంపు కొడుతుందని అతను నెట్‌లో చదివాడు. ఆ వాసన పీలిస్తే ఆమెకి ఉద్యోగం మీద మనసు విరిగిపోతుందని, కావాలనే ఆ బీరు పోసే పాత హోటల్‌కి తీసుకెళ్ళాడు. ఉదయశ్రీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"దాలిలో పిడకల మీద కాగిన పాల వాసన" అంది. "మా మామ్మ పోయాక మళ్ళీ ఇక్కడే."

తాగలేదు. ఇరవై నిమిషాలు వాసన చూస్తూ కూర్చుంది. ఆ బీరు చలపతే తాగాడు. రెండోదీ అతనే తాగాడు, అది మాత్రం కోపంతో.

రెండున్నరకి ఆమె చెయ్యి చాపింది. "ఫోనివ్వండి. వాళ్ళకేదో ఒకటి చెప్పేద్దాం."

"అప్పుడే ఏం చెప్తావు? అసలైన పాత పేట చూడనేలేదు కదా." టూరిస్టు మ్యాపులో అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట వేలు పెట్టాడు. "ఇదిగో, తోటవాళ్ళ పేట."

ఊళ్ళోనే వందల ఏళ్ళుగా కూరగాయలు పండించే కుటుంబాల పేట అది. వీధి వైపు చూస్తే వరసగా గోడలూ, బండి పట్టేంత చెక్క తలుపులూ తప్ప ఏమీ కనపడవు. ప్రతి ఇంటి వెనకా పొడుగ్గా తోట. ఒక తలుపు తెరిచి ఉంటే లోపల ఉల్లినారు కనిపించింది. ఉదయశ్రీ ఆగింది. చలపతి నడవమన్నాడు. మలుపు తిరగ్గానే అతనికి దేవుడు వరమిచ్చినట్టు లైను కనిపించింది.

పాతిక ముప్ఫై మంది. ఒక పాత ఇంటి గోడ వెంబడి బుద్ధిగా నిలబడ్డారు. తలుపు పైన గూట్లో మేరీమాత విగ్రహం, ఆవిడ పాదాల దగ్గర తాజా పూలు. గోడకి పాత కట్టడమని చెప్పే చిన్న బిళ్ళ. తలుపుకి ఒక కాగితం అంటించారు. దాని మీద జర్మన్‌లో నాలుగు లైన్లు, కింద పదిహేను అంకె. చలపతి ఎనిమిదేళ్ళలో జర్మన్ కాగితం ఒక్కటి కూడా చదవలేదు. అవన్నీ ఉదయశ్రీ చదివేది. అంకెలు మాత్రం తనే చదువుకుంటాడు. పదిహేను గంటలంటే మధ్యాహ్నం మూడు, అప్పుడు తెరుస్తారన్న మాట.

గూట్లో దేవత, గోడకి బిళ్ళ, తలుపుకి టైమింగ్సు. పైగా ముప్ఫై మంది ముందున్నారు. ఎంత లేదన్నా గంట పోతుంది.

"ఇది చూడాల్సిందే ఉదయా. నించో."

"ఏమండీ, ఇది మ్యూజియం కాదేమో..."

"లైనుందంటే లోపల ఏదో ఉన్నట్టే. తిరుపతిలో లోపలేముందని అడిగి నిలబడతామా? కాళ్ళున్నందుకు నిలబడతాం."

ఉదయశ్రీ ముందుకెళ్ళి తలుపు మీది కాగితం చదివింది. మళ్ళీ చదివింది. లైన్లో చివరి అమ్మాయిని జర్మన్‌లో ఏదో అడిగింది. వెనక్కొచ్చి భర్త మొహంలోకి కొంచెంసేపు చూసింది.

"నిజంగా నించోమంటారా?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

నించుంది.

లైన్లో ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ ఫైళ్ళున్నాయి. "చూశావా ఈ జర్మన్లని? గుడికొచ్చినా ఫైలుతోనే వస్తారు" అన్నాడు చలపతి. తన నీలం ఫైలు కూడా తీసి గుండెకి ఆనించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. అందరికన్నా తన ఫైలే లావుగా ఉంది. ఆ తృప్తితో అరగంట తెలియకుండా గడిచింది.

మూడూ ముప్ఫై అయిదుకి వాళ్ళ వంతు వచ్చింది. గడప దగ్గర చలపతి వంగి బూట్ల లేసులు విప్పాడు. గోడ వారగా ఒక అట్టపెట్టెలో పాత కప్పులూ, పూలకుండీలూ ఉన్నాయి. దాని పక్కన తన కొత్త బూట్లు జంటగా పెట్టాడు.

"లోపల చాప మీద పెట్టుకోండి" అంది ఉదయశ్రీ, తన చెప్పులు ఆ చాప మీదే విడుస్తూ.

"పైన దేవత ఉండగా చెప్పులు లోపలికి తెస్తామా? ఇంగితం ఉండాలి."

లోపలి గట్టు మీద ఒక ఇత్తడి గిన్నె ఉంది. అడుగున రెండు తాళంచెవులు. చలపతి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, అందులో రెండు యూరోల బిళ్ళ వేశాడు. ఎదురుగా నిలబడ్డ ఎనభై ఏళ్ళ ముసలావిడ ఆ బిళ్ళనీ, అతని మేజోళ్ళనీ మార్చి మార్చి చూసింది. అప్పటిదాకా పాతికమంది మట్టి బూట్లతో ఆవిడ చెక్క నేల తొక్కేశారు. ఆవిడ మొహం మెత్తబడింది. ఆవిడ పేరు ఫ్రౌ స్టెంగ్‌లైన్. చలపతి ఆవిడని గైడనుకున్నాడు.

మెట్లెక్కితే పైన ఒక గది, వంటిల్లు, బాత్‌రూము. చలపతి అన్నిటికీ ఫొటోలు తీశాడు. బాత్‌రూములో గీజరు చూసి, "వాచ్‌మన్ ఉండేది ఇక్కడ కాబోలు" అన్నాడు. ఒక అమ్మాయి టేపు పెట్టి కిటికీ కొలుస్తోంది. అతను భార్య చెవిలో గొణిగాడు. "రీసెర్చి చేస్తోంది పాపం."

అతనికి వచ్చిన జర్మన్ మాటలు మూడు. యా, గెనావ్, సూపర్. అంటే అవును, కరెక్టు, భేష్. ఆ మూడింటితో ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాడు. ముసలావిడ ఏం చెప్పినా వాటినే మార్చి మార్చి వాడాడు. టైమ్ గడవాలి కాబట్టి గోడ తట్టి, "విచ్ సెంచరీ?" అని ఇంగ్లీషులో కూడా అడిగాడు. మిగతావాళ్ళంతా ఇంటర్నెట్ ఎలా వస్తుంది, సైకిలెక్కడ పెట్టాలి అని అడిగారు. ఆ ఇంటి వయసు అడిగినవాడు ఇతనొక్కడే.

వంటింటి కిటికీలో గోధుమరంగు వేళ్ళు ఎండుతున్నాయి. ఉదయశ్రీ ఒకటి తీసి గోటితో గీరి వాసన చూసింది.

"అతిమధురం" అంది తెలుగులోనే. తర్వాత జర్మన్ అందుకుంది.

ముసలావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉదయశ్రీ కూడా కూర్చుంది. చలపతికి ఒక్క ముక్క అర్థం కాలేదు. దగ్గు నటించడం, తేనె కలిపినట్టు చెయ్యి తిప్పడం చూసి, చిన్నప్పటి మందుల సంగతని ఊహించాడు. ఆ వేళ్ళు ఒకప్పుడు ఈ తోటల్లో విరివిగా పండేవట. ఇప్పుడు పండించేవాళ్ళు తక్కువట. ఇదంతా తర్వాత తెలిసింది. కిటికీలోంచి కింద తోట చూపిస్తూ ముసలావిడ ఏదో అడిగింది. తోటపని చెయ్యగలనన్నట్టు ఉదయశ్రీ తన రెండు చేతులూ చాపి చూపించింది. చలపతి వాచీ చూసుకున్నాడు. నాలుగూ పది. భలే.

బల్ల దగ్గర ముసలావిడ మేనల్లుడు కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు చూస్తున్నాడు. ఉదయశ్రీ చెయ్యి చాపింది.

"ఫైలివ్వండి."

"ఎందుకు?"

"అడుగుతున్నారు."

ఫ్యామిలీ డిస్కౌంటుకేమో అనుకుని ఇచ్చాడు. కళ్ళజోడాయన ఒక్కో కాగితం తిప్పుతుంటే అతని కనుబొమలు పైకి వెళ్ళాయి. టీకా కాగితం దగ్గర కొంచెంసేపు ఆగి, మేనత్త వైపు చూసి తలూపాడు. తర్వాత ఒక ఫారం తీసి ఉదయశ్రీ చేత నింపించాడు. ఇంకొక కాగితం చలపతి ముందు పెట్టాడు.

"విజిటర్స్ బుక్కా?" అన్నాడు చలపతి భార్యతో.

"కాదు. సంతకం పెట్టేముందు చదవండి. చదివి వినిపించనా?"

ముసలావిడ చూస్తోంది. మేనల్లుడు చూస్తున్నాడు. టేపు పట్టుకున్న అమ్మాయి కూడా చూస్తోంది. ఇంతమంది ముందు భార్య చేత జర్మన్ చదివించుకోవడం చలపతికి తలకొట్టేసినట్టయింది.

"నాకు రాదా ఏంటి?" అన్నాడు.

కాగితం చేతిలోకి తీసుకుని నాలుగు నిమిషాలు చదివాడు. ఒకచోట తలాడించాడు. ఇంకోచోట పెదవి విరిచాడు. చివర "గెనావ్" అని, పేరు కింద రెండు గీతలతో సంతకం పెట్టాడు.

ఫ్రౌ స్టెంగ్‌లైన్ లేచి కిందకి వెళ్ళి, వీధి తలుపు దగ్గర నాలుగు మాటలు చెప్పింది. తర్వాత వచ్చి లైన్లో నించున్నవాళ్ళు చెదిరిపోయారు. ఒకతను పోతూ పోతూ పైకి చూసి, కిటికీలో ఉన్న చలపతిని కొరకొర చూశాడు. చలపతి నవ్వి చెయ్యి ఊపాడు. మూసే టైమ్ అయినట్టుంది. నాలుగూ ముప్ఫై నాలుగు.

ముసలావిడ పైకొచ్చి, జానెడు ఇనప తాళంచెవి ఉదయశ్రీ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"సావనీరు కూడా ఇస్తున్నారే" అన్నాడు చలపతి ఫోను తీస్తూ. "ఉదయా, తాళంచెవి కనపడేలా పట్టుకో. ఆవిణ్ణి కొంచెం దగ్గరికి రమ్మను. నవ్వు. ఇంకొంచెం."

ఉదయశ్రీ నవ్వింది. అలాంటి నవ్వు అతని ఫోనులో అంతకుముందు లేదు.

తర్వాత ఆమె ఫైల్లోంచి ఆఫర్ లెటర్ తీసింది. ముసలావిణ్ణి ఏదో అడిగి, గోడకున్న పాత ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు నొక్కింది. చలపతి బ్యాగు అడుగునున్న సెల్‌ఫోను చల్లగా, సైలెంట్‌గా అక్కడే ఉంది.

"యా" అంది ఉదయశ్రీ ఫోనులో. కొంచెంసేపు విని, "గెనావ్" అంది. ఇంకొంచెం విని, "సూపర్" అని పెట్టేసింది.

ఎనిమిదేళ్ళలో ఒక జర్మన్ సంభాషణ చలపతికి మొదటినుంచీ చివరిదాకా అర్థం కావడం అదే మొదటిసారి.

"ఎవరికి?" అన్నాడు, తెలిసి కూడా.

"ఒకటో తారీకు నుంచి వస్తానని చెప్పాను."

"ఉండేదెక్కడ?"

ఆమె తాళంచెవి చూపించింది. చలపతి చుట్టూ చూశాడు. కిటికీ, గీజరు, టేపు, ఫైళ్ళు. ఒక్కొక్కటీ అసలు రూపంలో కనిపించసాగాయి.

"ఇది... అద్దెకిచ్చే ఇల్లా?"

"తలుపు మీద రాశారు. ఇది మ్యూజియం కాదేమో అంటే మీరే నించోమన్నారు. రెండుసార్లు అడిగాను."

"నేను పెట్టిన సంతకం?"

"జామీను. కొత్త ఉద్యోగం కదా, ఎవరైనా పూచీ ఉండాలన్నారు. నేను అద్దె కట్టకపోతే మీరు కడతారు. నాలుగు నిమిషాలు చదివారుగా."

"ఇది మోసం ఉదయా."

"పొద్దుట నా ఫోను ఎందుకు తీసుకున్నారు?"

చలపతి బ్యాగు వెనక్కి జరుపుకున్నాడు. ముసలావిడ ఇద్దర్నీ చూసి, అదేదో శుభసందర్భమనుకుని గ్లాసుల్లో ఆపిల్ రసం పోస్తోంది.

"పోనీ, నేను కూడా ఇక్కడికి మారితే..."

"ఒక్క మనిషికే ఇస్తారట. అదీ తలుపు మీద ఉంది."

అతను అడగాల్సింది ఒకటి ఉంది. శనాదివారాలు వస్తావా అని. అసలు వస్తావా అని. గొంతు దాకా వచ్చింది కూడా. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"మరి ఇంట్లో పెరుగెవరు తోడేస్తారు?"

ఉదయశ్రీ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అదే అడుగుతారనుకున్నాను" అంది. ఇద్దరూ నిలబడే ఆపిల్ రసం తాగారు. పొద్దుట హోటల్లో ఇచ్చిన మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. అతనే, గ్లాసు కింద పెడుతూ, "సామాను ఎప్పుడు తేవాలి?" అన్నాడు.

"ఇరవై తొమ్మిదిన."

కిందకి దిగి, గడప దాటి, చలపతి ఆగిపోయాడు. గోడ వారగా అట్టపెట్టె ఖాళీగా ఉంది. కప్పులు లేవు, కుండీలు లేవు. పక్కన బూట్లూ లేవు. ఫ్రౌ స్టెంగ్‌లైన్ బయటికొచ్చి చూసి, చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. తమకి అక్కర్లేనివి గోడ పక్కన పెడితే, కావాల్సినవాళ్ళు తీసుకుపోవడం ఆ వీధి ఆచారమట. ఆ బూట్లు కొత్తగా ఉన్నాయి కాబట్టి ఎవరో చాలా సంతోషంగా తీసుకెళ్ళి ఉంటారట.

ముసలావిడ లోపలికెళ్ళి, తోటపనికి వేసుకునే ఆకుపచ్చ రబ్బరు చెప్పులు తెచ్చి అతని ముందు పెట్టింది. వాటి అంచుల్లో తడి మట్టి. దూరంగా కేథడ్రల్ గంటలు అయిదు కొట్టాయి. చలపతి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఒక అంగుళం మడమ వెనక్కి మిగిలింది. ఆవిడ ఇంకేదో చెప్పింది.

"ఏమంటోంది?" అన్నాడు.

"తిరిగివ్వడానికి ఎప్పుడైనా రావచ్చట" అంది ఉదయశ్రీ, తాళంచెవి బ్యాగులో వేసుకుంటూ. "కాకపోతే ముందు టెర్మిన్ తీసుకోవాలి."